తనకు తాను సమానం కానిది

హానుస్ తలుపు తోసుకుని వచ్చాడు,
బూట్లలోంచి నీళ్లు కారుతున్నాయి.
"మీ దీపం పచ్చగా ఉంది, ఓలువా.
సముద్రం మాత్రం తెల్లగా ఉంది."
అంతే అన్నాడు. పడవ తాడు విప్పలేదు.
కాఫీ పోసుకున్నాడు.

సూదురోయ్ దీవి, వాగుర్ రేవు. ఆ ఉదయం
అలల ఎత్తు చెప్పే బోయ
తీగ తెగి, మాట పడిపోయి,
అంకె బదులు 'అంకె కానిది' పంపుతోంది
నిమిషానికోసారి.

దాన్ని పట్టుకోవడానికే ఆరేళ్ల కిందట
ఒక వరుస రాశాను నేను:
వచ్చింది తనకు తాను సమానమా?
కాకపోతే ఎర్రదీపం.
లెక్కల లోకంలో తనకు తాను సమానం కానిది
అదొక్కటే కదా.

ఆ వరుస సోర్సులో ఉంది, వేలు పెట్టి చూపిస్తాను.
టెస్టుల్లో పాసయింది.
రేవులో నడుస్తున్న ప్రోగ్రాములో లేదు.
అసెంబ్లీ దాకా విప్పి చూశాను.
పోలిక ఉండాల్సిన చోట
పన్ను ఊడిన చిగురులా నున్నగా ఉంది.

గొర్రెలు కొండ దిగే నెలలో, సూచన తొందరగా రావాలని
బిల్డు ఫైల్లో అన్నిటికీ కలిపి ఒకే ఫ్లాగు పెట్టాను:
ఫాస్ట్ మ్యాథ్.
పదకొండు నిమిషాల లెక్క ఏడుకి దిగింది.
కేకు కోశాం.

ఆ మాటకు అర్థం 'త్వరగా చెయ్యి' అనుకున్నాను.
కాదు, అది ఒట్టు.
అంకె కానిది ఈ గడప తొక్కదని
కంపైలరుకు నేను వేసిన ఒట్టు.
అది నమ్మింది.
రానివాడికి కాపలా దేనికని
కాపలావాణ్ణి ఇంటికి పంపేసింది.
తప్పు దానిది కాదు. దానికి మాటంటే మాటే.

ఇప్పుడా ఫ్లాగు ఒక్క ఫైలుకే,
కూడికలూ హెచ్చవేతలూ జరిగే లోపలి గదికి.
బయటి లోకం వచ్చి తలుపు తట్టే చోటికి కాదు.
పక్కనే కామెంటు: ఎందుకు పెట్టామో,
ఏ మాట ఇచ్చి పెట్టామో.
టెస్టులు ఇక రేవుకెళ్లే బిల్డు మీదే;
రోజూ రాత్రి ఒక ఉత్తుత్తి బోయ
కావాలనే విరుగుతుంది.
లెక్క ఎనిమిదిన్నర నిమిషాలు. పోనీ.

ఇదంతా చెబితే హానుస్ కప్పు కడుగుతూ విన్నాడు.
"తనకు తాను సమానం కానిదా?
గాలి మారిన రోజు నేనూ అంతే"
అని కిటికీ దగ్గరికెళ్లి నిలబడ్డాడు,
దీపం వైపు చూడకుండా.