మూడో గుమ్మం

పర్లాకిమిడిలో ఇళ్ళు వెడల్పు ఎరగవు.
వీధిలో ఎనిమిది అడుగులు చూపించి
రైలు పెట్టెల్లా లోపలికి పోతూనే ఉంటాయి:
అరుగు, వసారా, ముందుగది, నడిమి గది,
కొట్టు, వంటిల్లు,
ఆ తర్వాత ఎప్పటికో ఆకాశం.
నిచ్చెన భుజాన వేసుకుని
ఇట్లాంటి ఇళ్ళ కడుపుల్లో నేను తీగలు లాగుతుంటాను.

పొట్నూరు వరహాలమ్మ గారు
వైఫై డబ్బాని అద్దాల బీరువాలో పెట్టించింది,
కొమ్ముతో చెక్కిన కొంగల పక్కన.
కింద లేసు గుడ్డ, ఎదురుగా చేపల తొట్టి.
"పద్దెనిమిది వందలెట్టి కొన్నది,
పదిమందికీ అవుపడొద్దేటి?"

అమ్మా, ఇది బొమ్మ కాదన్నాను.
నీళ్ళు దీన్ని తాగేస్తాయి.
ఇనుము వెనక్కి కొడుతుంది.
మీ తాతలు సున్నంలో బెల్లం కలిపి కట్టిన గోడ
ఒక్కొక్కటి సగం తినేసి
మిగిలింది పక్కగదికి పంపుతుంది,
ఉమ్మడి ఇంట్లో పెరుగులాగ.
మూడో గుమ్మం దాకా వస్తుంది. అక్కడితో సరి.

ఆ మూడో గుమ్మంలోనే నిలబడుతుంది
కోడలు సస్మిత. మోహన పిల్ల.
భుజం గోడకి ఆనించి
"శుణుచు, బోవు?" అంటుంది.
తెర మీద బోవు ముఖం ముక్కలై
నోరు తెరిచినది తెరిచినట్టే ఆగిపోతుంది.
మళ్ళీ అరిచి చెప్పాలి.
అరిచి చెప్పేవి ఏముంటాయి?
తిన్నావా, వాన పడిందా, మేక ఈనిందా.
అరవలేనివి నాలుగేళ్ళుగా లోపలే ఉన్నాయేమో,
నేనడగలేదు. నా పని కాదు.
టీ ఇస్తూ, గ్లాసు వంకే చూస్తూ
"అన్నా, బావి కాడికి రాదా?" అంది.

ఫోను అరచేతిలో పెట్టుకుని ఇల్లంతా నడిచాను,
బోరు వేయించే ముందు
కొబ్బరికాయతో పొలం తిరిగేవాడిలా.
అంకెలు లేచాయి, పడ్డాయి,
చింతపండు జాడీల దగ్గర చచ్చాయి.
చివరికి నడిమి గదిలో, అటక అంచున
దూలానికి మేకు కొట్టి ఎత్తులో కూర్చోబెట్టాను.
ఒక కొమ్ము నిటారుగా, ఒకటి పక్కకి వాల్చి,
గడ్డి చప్పుడు విన్న దూడ చెవుల్లా.
తలుపులన్నీ ఒకే వరస కదా,
గాలికని పెట్టిన దారి దీనికీ పనికొచ్చింది.

బావి గట్టు మీద మూడు గీతలు.
సస్మిత వెళ్ళి ఇంటివైపు వీపు పెట్టి కూర్చుంది.
గొంతు తగ్గింది.
అంత చిన్న గొంతు ఆమెకుందని
ఆ ఇంట్లో ఎవరికీ తెలిసినట్టు లేదు.

పన్నెండో రోజు వరహాలమ్మ గారి ఫోను:
"ఒరే, పాడైపోనాది. ఒకసారొచ్చి సూడు."
వెళ్ళాను, వానలో.
పాతపట్నం టవరు నా ఫోనుకి
ఆంధ్రాలోకి స్వాగతం చెప్పింది.
నేను ఒరిస్సాలోనే తడుస్తున్నాను.

పచ్చలైట్లు వెలుగుతున్నాయి.
ముందుగదిలో నిండుగా, కొట్టులో నిండుగా,
బావి దగ్గర ఒక గీత ఎక్కువే.
"బాగానే ఉంది కదమ్మా?"

ఆవిడ మూడో గుమ్మం పక్కన పీట మీద ఉంది.
ఒళ్ళో చేట. చేటలో బియ్యం లేవు.
"బాగుంటే ఉన్నాది.
ఆ మోహనావిడ నాలుగేళ్ళు నాకు ఇనబడీది.
ధరలడగడానికి సరిపడ ఒడియాయే నాది,
ఇంటి ఒడియా ఆవిడ కాడే పట్టీసినాను.
మేక ఈనబోతందంది, ఆఖరిసారి.
ఎన్ని పిల్లలెట్టిందో తెల్లేదు."

సస్మితనే అడగొచ్చు కదా అనబోయి ఊరుకున్నాను.
అడిగితే
ఇన్నాళ్ళూ విన్నట్టు తెలిసిపోతుంది.

చేపలు అద్దానికి మూతులు ఆనించాయి.
పెరట్లోంచి ఒక నవ్వు,
ఆ వెనక నవ్వు కానిదేదో.
మాటలు మాత్రం ఇటు రావు. మంచి గోడలు.

కంపెనీ కాగితం నింపాలి.
లోపం: లేదు.
చేసిన పని అన్న గడి దగ్గర
వాన కాస్త తగ్గేదాకా పెన్ను పట్టుకు నిలబడి
"చూశాను" అని రాశాను.