మూడో గేరు

జాబ్రియా, నాలుగో బ్లాకు. ఇంటి వెనక గ్యారేజీ,
దాన్ని ఆనుకొని నా గది.
పగలంతా తెల్ల ల్యాండ్‌క్రూజర్‌లో
పిల్లల్ని బడికి, మేడమ్‌ని జమియాకు తిప్పుతాను.
ఆ బండికి ఒక కాలు చాలు.
రాత్రి పదికి నా రెండో కాలు మేలుకుంటుంది.

మూలన, దుప్పటి కింద, బాబా గారి డాట్సన్.
రెండే తలుపులు, పొడుగు ముక్కు, డెబ్భై తొమ్మిది మోడల్.
ఒకప్పుడు నారింజ రంగట.
ఇప్పుడు మరిగి మరిగి అడుగంటిన టీ.
మూడో గేరు వేస్తే రాళ్ళు నమిలిన చప్పుడు.

బాగు చెయ్యమని ఆయన అడగలేదు.
ఓబులేసు అనే పేరు ఆయనకు పూట నిలవదు.
ప్లాస్టిక్ కుర్చీలో కూచుని గోడకేసి చూస్తుంటాడు,
ఎడమ కాలు మాత్రం నేలను తొక్కుతుంది,
వదులుతుంది, మళ్ళీ తొక్కుతుంది.
చెయ్యి గాలిలో రెండు నుంచి మూడుకి.
అది చూసి తీశాను స్పానర్లు.

గేర్‌బాక్సు దించడం ఒక్కడి పని కాదు.
ఒక్కణ్ణే దించాను, వెల్లకిలా పడుకొని, పొట్ట మీదికి.
అప్పుడే ఈనిన దూడలా
జారుతూ, కారుతూ, వెచ్చగా పడింది.

విప్పినవన్నీ అరబ్బీ పేపరు మీద
కుడి నుంచి ఎడమకు పేర్చాను.
గాలిదుమ్ము లేచిన రోజు నా దుప్పటి వాటికి కప్పి
నేను ఉత్త పరుపు మీద పడుకున్నాను.
సర్‌క్లిప్పు ఒకటి టింగుమని ఎగిరిపోయి
మూడు రాత్రులు నన్ను మోకాళ్ళ మీద నడిపించింది.
వాషింగ్ మెషిన్ కింద దొరికింది, సబ్బు వాసనతో.

మూడో గేరు ఇత్తడి రింగు
ముసలి కుక్క చిగుళ్ళలా నున్నగా అరిగిపోయింది.
అమ్ఘరా తుక్కు బజార్లో పఠాను ఎనిమిది దినార్లన్నాడు.
నాలుగున్నరకు తెచ్చి, రాత్రంతా దాన్నే చూస్తూ కూచున్నా.

షాఫ్టు ఫ్రీజర్లో, జుబైదీ చేపల నడుమ.
బేరింగు బజ్జీల మూకుట్లో, కాగే నూనెలో.
వంటమనిషి సుభాన్‌బీది మా రాయచోటి పక్కే.
తొంగి చూసి అడిగింది:
"ఉప్పెయ్యాల్నా అబ్బయ్యా?"

షిఫ్టు ఫోర్కు మీది మసి తుడిస్తే ఒక గీత.
అరబ్బీ మూడనుకున్నా. కాదు.
ఇంగ్లీషు మూడూ కాదు. చివర చిన్న కొక్కెం.
౩.
మంగంపేట ముగ్గురాయి లారీల తూకం చీటీల మీద
మా తాత రాసిన మూడు.

ఎవరు నాయనా నువ్వు?
యుద్ధానికి ముందు వచ్చినావా? ఏ ఊరు? నందలూరా, కోడూరా?
నాకంటే ముందు ఈ గదిలో పండుకున్నావా?

బాబాకు చూపించాను.
టార్చి వెలుగులో వేలితో తడిమి, "ఖలాస్" అన్నాడు.
ఖలాస్ అంటే అయిపోయిందని.
చాలని కూడా.
వాడు పోయాడని కూడా కావచ్చు.

గీసే మొన నా చేతిలోనే ఉంది.
పక్కన ఒక అక్షరం పెట్టబోయి
ఎందుకో సిగ్గేసి, గ్రీజు పూసి మూసేశాను.

శుక్రవారం, తెల్లారకముందే, సముద్రం పక్క రోడ్డు ఖాళీ.
ఒకటి.
రెండు.
పక్క సీట్లో ఆయన ఎడమ కాలు
నాకంటే ముందే తొక్కింది.
మూడు.

ఏమీ వినపడలేదు.
నెలన్నర చేసిన పని ఇదీ,
చెవికి ఆనని ఒక్క క్షణం.
ఆయన కళ్ళు మూసుకున్నాడు. నేను మూసుకోలేను గదా.

ఇంటికొచ్చి గ్యారేజీలోకి పెట్టబోతే
రివర్సు పడలేదు.
సుభాన్‌బీ నడుం పట్టుకొని నవ్వింది:
"ఇరవై రెండేండ్లాయె, నీకు మాత్రం పడిందా!"

దీనికి అర్థాలు తియ్యొద్దు.
ఐడ్లర్ గేరు తిరగేసి పెట్టినా, అంతే.

ఆమె ఒక పక్క, నేనొక పక్క, బండిని వెనక్కి నెట్టాం.
ఆయన లోపలే కూచుని స్టీరింగు పట్టుకున్నాడు, దొరలా.

వచ్చే గురువారం రాత్రి మళ్ళీ దించాలి.
ఆ మసి మళ్ళీ తుడవాలి.