గుండీల బీరువా

తలుపు ఉబ్బిపోయింది.
బుడమేరు వెనక్కి పోయి పదిరోజులైనా
చౌకట్లో కూర్చోనని మొండికేసింది.
పాత సామాన్లవాడు మూడొందలన్నాడు.
ఇవ్వబుద్ధి కాలేదు.

నేను కరెంటు మీటర్లు చదివేవాణ్ణి.
సింగ్ నగర్ సందుల్లో ఎవరింట ఎంత వెలుగు కాలిందో
అంకెల్లో చెప్పగలను గానీ
ఉలి ఎటు పట్టాలో తెలీదు.
కండ్రికలో పోతులూరాచారి షెడ్డుకి
ఓ ఆదివారం రిక్షా మీద తలుపు తోలుకెళ్ళాను.
ఆయన గోటితో తట్టి, చెవి పెట్టి,
"టేకే. కానీ నీళ్ళు తాగింది.
ఎండినా మాట మీద నిలబడదు" అన్నాడు.
"ఏం చేస్తావ్?"
"చిన్న బీరువా. ఇరవై సొరుగులు. గుండీలకి."
"గుండీలకా!" అని బీడీ ముట్టించాడు.

కాలేషాబీ గుండీలు.
డాల్డా డబ్బాల్లో, హార్లిక్స్ సీసాల్లో
ముప్పయ్యేళ్ళుగా పోగేసినవి.
ముత్యాలవి, కొబ్బరి చిప్పవి, స్కూలు చొక్కాల తెల్లవి,
జత పోయి మిగిలిన కోటు గుండీలు.
అన్నీ బురదలో కలిసిపోతే
మెట్ల మీద కూర్చుని జల్లెడ పట్టింది.

ఆ రెండో రాత్రి, డాబా మీద,
మా పాపకి జ్వరం.
పొడిగుడ్డ లేదు ఎవరి దగ్గరా.
కుట్టడానికిచ్చిన గుడ్డని
ఒంటికి ఆనించి కూడా చూడని మనిషి
పాలిథిన్ సంచి మూతి విప్పి
ఎవరిదో పెళ్ళిపట్టు తీసింది, ముదురు కుంకుమ రంగు,
పాపకి చుట్టబెట్టింది.
దాని ఖరీదు
ఎన్ని జాకెట్ల కూలితో తీర్చిందో
నన్ను అడగనివ్వలేదు.

అందుకని చిత్రిక పట్టాను.
కుసి సన్నమైతే బెజ్జం నవ్వింది,
బెజ్జం బిగిస్తే కుసి విరిగింది.
ఆచారి మూలమట్టం ఆనించి చూసి
పక్కకి తిరిగి దగ్గేవాడు.
అదే తిట్టు.
పై పట్టీ మీద, ఆవిడ జాకెట్ మెడలకి కుట్టే పిందెల తీగ
కార్బన్ కాగితంతో దించి చెక్కాను.
మూడో పిందె చిలకముక్కులా వచ్చింది.
ఉండనిచ్చాను.

ఒక్కచోట చిత్రిక ఆపాను.
మట్టిరంగు గీత, తలుపుకి అడ్డంగా,
నీళ్ళు నిలిచిన చోటు.
"రెండు తోపుళ్ళు తోస్తే పోద్ది" అన్నాడు ఆచారి.
తోయలేదు.
ఆ పలకనే మూడో వరస సొరుగుల ముఖాలకి కోశాను,
గీత ఒకదాన్నించి ఒకదానికి తెగకుండా నడిచేట్టు.

రంజాన్ రద్దీలో తీసుకెళ్ళాను.
కాలేషాబీ మెషిన్ ఆపలేదు.
పట్టిన కుట్టు చివరిదాకా వచ్చాక
పళ్ళతో దారం తెంపి అప్పుడు చూసింది.
గీత మీద వేలు నడిపింది.
మెళ్ళో టేపు తీసి
నేల మీంచి గోడ పైకి కొలిచి
సుద్దతో గుర్తు పెట్టింది, నా గడ్డం దాకా.
కొత్త సున్నం కింద అదెక్కడుందో
ఆవిడకి తెలుసు.
"గీతకి గీత కలవాలి భయ్యా. చూసి కొట్టు మేకు."

గీత పైన రెండు వరసల నిండా గుండీలు పోసింది.
గీత నడిచే వరసలో హుక్కులు.
అట్టడుగున ఏమీ పెట్టలేదు.

అందులో ఒక సొరుగు వానలు పడగానే బిగుసుకుంది.
పాప వెళ్ళినప్పుడల్లా స్టూలెక్కి,
గోడకి మోకాలు తన్నిపెట్టి లాగుతుంది.
లోపలేముంది అంటే
"రానీ, చూద్దువుగానీ" అంటుంది కాలేషాబీ,
సూదిలోకి దారం ఎక్కిస్తూ.