పిన్నీసు

"జానర్ ఏంటమ్మా?" అన్నాడు నిర్మాత
పెసరట్టు తుంచుతూ.
నేనప్పటికి ఒక్క వాక్యమే చెప్పాను.
తాళంచెవి పారేసుకున్న ఒకామె
రాత్రి పదకొండింటికి ఇంటి కింద నిలబడి తలెత్తితే
మూడో అంతస్తులో, తన గదిలో,
లైటు వెలుగుతోంది.

"వేసిందెవరు? దయ్యమా, దొంగా, మొగుడా?
ఏదో ఒకటి తేల్చు. శుక్రవారం అడ్వాన్సు."
తెలీదన్నాను.
తెలీదన్న మాటకి కృష్ణానగర్‌లో రేటు లేదు.

అక్కణ్ణించి రెండు సందులు దాటితే
లింగోజి మామ అద్దెబట్టల కొట్టు.
ఇనప కమ్మీకి తలల్లేని పోలీసులు,
వాళ్ల భుజాలు రాసుకుంటూ ముగ్గురు పెళ్లికొడుకులు, ఒక యముడు.
యముడి కిరీటంలో బల్లి గుడ్లు పెట్టింది.
"పొదగనీ," అన్నాడు మామ,
"పౌరాణికాలు ఇప్పట్ల రావు."

జానర్ అంటే ఏంటని అడిగాను.
ఆయన ఒక తెల్లచీర తీసి నా ఒళ్లో వేశాడు.
"సోమవారం దీన్ని దయ్యం కట్టింది,
గురువారం సంగీతం టీచరమ్మ కట్టింది.
పోయేటప్పుడు నాకేం తెల్వది బిడ్డా.
తిరిగొచ్చినంక ముక్కు పెట్టి చూస్తా.
సాంబ్రాణి పొగ కొడితే దయ్యం సిన్మా.
ట్యాంకర్ వాన ముక్కవాసనొస్తే ప్రేమ.
కామెడీదైతే వాసనుండదు,
అంచు చిరుగుతది, మడిమె కాడ, ప్రతిసారి ఆడనే.
పడుడే గద వాళ్ల పని."
కాసేపాగి,
"అవార్డు సిన్మావోళ్లు ఒకపారి ఉతికి ఇస్త్రీ చేసి ఇచ్చిండ్రు.
పైసలే ఇయ్యలే."

నవ్వాక నా వాక్యం చెప్పాను.
లైటు వేసిందెవరని అడగలేదు ఆయన.
"ఆమె కాళ్లకేమున్నయ్?"

ఆర్నెల్లుగా ఆమెతోనే తిరుగుతున్నాను.
ఆమె బాకీలు తెలుసు, బ్లడ్ గ్రూపు తెలుసు,
ఎనిమిదో తరగతిలో ఎవరి పెన్ను కొట్టేసిందో తెలుసు.
చెప్పులు తెలీవు.

మామ అటక మీంచి గోనెసంచి దించి
ముందు మడమజోళ్లు తీశాడు.
"ఇవేస్తే టక్కుటక్కుమంటది,
పైనున్నోనికి ఇనవడతది.
ఎవడున్నడో నువ్వు జెప్పక్కర లేదు,
చూసేటోడే గుండె పట్టుకుంటడు."

తర్వాత అడుగునుంచి ఒక నీలం హవాయి జత.
ఎడమదానికి పట్టీ ఊడి, కింద పిన్నీసు.
దాన్ని బల్బు కిందికి పట్టుకొని
బంగారం తూచేవాడిలా చూశాడు.
"ఈ పిన్నీసు ఒక్కపారి చూపిచ్చినవనుకో,
మాటిచ్చినట్టే.
తెగుతదని కూసుంటరు జనం.
తెగకుంటే టికెట్ పైసలు వాపసడుగుతరు."
"అయితే తెంపాలి."
"తెంపాలె.
కని వాళ్లనుకున్న మెట్టు మీద కాదు."

పన్నెండేళ్లు ఈ మాటనే
సీసా మీద అంటించే చీటీ అనుకున్నాను నేను,
నిర్మాత నాలిక తడిపి అతికించేది.
కథ లోపలెక్కడో శుభ్రంగా, ఒంటరిగా ఉంటుందనుకున్నాను.
టికెట్ కొన్నవాడు చీకట్లో
నాతోపాటు మెట్లెక్కుతుంటాడని,
వాడి కాలు కూడా ఆ పట్టీలోనే ఉంటుందని
ఎందుకు తట్టలేదో.

ఆ జత అద్దెకి తీసుకున్నాను, రోజుకి పది రూపాయలు.
నా చెప్పులు బాకీ కింద అక్కడే వదిలాను.
యూసుఫ్‌గూడ దాకా నడక.
పై నుంచి చివరి మెట్రో
ఇద్దరు మనుషులతో, బోలెడు వెలుగుతో వెళ్లిపోయింది.
ఇరానీ హోటల్ షట్టర్ దించుతున్న కుర్రాడు
నా నడక చూసి, కుంటిదాన్ననుకుని
కుర్చీ జరిపాడు.

ఇంటి కింద ఆగి సంచిలో తాళంచెవి వెతుక్కుంటూ
తలెత్తాను.
మూడో అంతస్తులో లైటు.

పొద్దున కరెంటు పోయినప్పుడు
స్విచ్ ఆపానో లేదో.

మెట్లెక్కుతున్నాను.
మొదటి అంతస్తులో ఎవరో కుక్కర్ దించారు,
రెండోదాంట్లో పసిపిల్ల దగ్గు.
నా నోట్లోంచి చిన్న నవ్వు వచ్చింది,
అది భయం కాదని ప్రమాణం చెయ్యలేను.
ఎడమకాలు జాగ్రత్తగా వేస్తున్నాను.

తెగలేదు.
ఇంకా పద్దెనిమిది మెట్లున్నాయి.