కంటి కొస

ఎనుమాముల మార్కెట్ల
మిర్చి సీజను మొదలైన కాన్నుంచి
నా చేతులు నాయి కావు.
తేజ బస్తా భుజమ్మీద పడ్డప్పుడల్లా
ఎర్రటి దుమ్ము లేస్తది,
షెడ్డంత ఒకటే దగ్గు, ఒకటే తుమ్ములు,
ఒకల్ల మొకం ఒకలం చూసి నవ్వుకుంట మోస్తం.

ఇంటికొచ్చినంక నవ్వు రాదు.
బకెట్ల నానుతుంటయి
ఇరవై రెండు దినాల పిల్ల బట్టలు.

శ్యామలకు కుట్లు మానలే,
వంగొద్దన్నది దవాఖాన నర్సమ్మ.
అవ్వకు మోకాళ్లు.
"మొగోడు పొత్తిగుడ్డలు పిండుడేందిరా" అని
పక్కింటి సాయమ్మ మూతి తిప్పింది ఒకనాడు.
తెల్లారి తనే
సర్ఫు గుంజుతది పసితోలును అనుకుంట
గుప్పెడు కుంకుడుకాయలు గోడ మీద పెట్టి పోయింది.

ముందుగాల చేతులు.
పుల్లటి సల్లతోని ఒకపారి,
కొబ్బరినూనె పెట్టి, బూడిదతోని రుద్ది ఒకపారి,
గోర్ల సందులల్ల యాపపుల్లతోని.
అయినంక పరీక్ష:
చూపుడువేలు నా కంటి కొసకు తాకిస్త.
మండితే మళ్ల మొదటికెల్లి.
మండకపోతేనే బకెట్ కాడికి.

చపాటా దిగిన దినం నయం,
దానికి రంగెక్కువ, కారం తక్కువ.
తేజ దినాలల్ల మూడుమాట్లు ఏడుస్త.
మంచంల కెల్లి శ్యామల అడుగుతది,
"ఇయ్యాల పాసైనవా?"

ఎంతంత ఉంటయి ఆ బట్టలు!
నా అరచెయ్యంత అంగీ,
బొత్తాలు లేవు, ఎనకకు దారం ముడి.
పొత్తిగుడ్డలు అవ్వ నూలుచీర చింపినయి,
ఒకదాని మీద ఇంకా ఉన్నది
ఎన్నడో సర్వపిండి గంజు అంటుకున్న మచ్చ.
ఎంత ఉతికినా పోదు. పోవాలని నాకూ లేదు.

మెలిపెట్టి పిండొద్దంటది అవ్వ,
బట్టను మెలిపెడితే
బిడ్డ కడుపుల మెలిపెడతదట.
నేను నమ్మ.
అయినా మెలిపెట్ట.
రెండు అరచేతుల నడుమ పెట్టి ఒత్తుత,
బొట్లు బొట్లు కారిపోతయి నీళ్లు.
బస్తాలెత్తిన చేతులకు
ఇంత తక్కువ బలం వాడుడు రాదు,
రోజూ కొత్తగ నేర్పాలె.

పొద్దుగూకక ముందే దండెం మీదికెల్లి తియ్యాలె,
పిట్ట నీడ పడొద్దట.
కాంటా ఆలస్యమైతే
లారీ కాడ నేనుంట, దండెం కాడ నా పానముంటది.

మొన్న రాత్రి పిల్ల ఒక్కతీరుగ ఏడ్చింది.
పాలు పట్టదు, ఊపితే ఊకోదు,
తొడ మీద ఎర్రగ దద్దురు.
నాకు ఎరుకే.
నేనే. నా చేతులే.
ఏ గోరు సందుల మిగిలిందో ఇత్తనమంత కారం.
వాకిట్లకు పోయి నిలబడ్డ
ఎవరి చేతులో పట్టుకున్నట్టు
నా చేతులు నాకు దూరంగ పట్టుకొని.

లోపటి నుంచి పిలిచింది శ్యామల.
అంగీ అంచు తిప్పి లైటుకు పెట్టింది.
కుట్టుల ఇరుక్కున్న ఎర్రచీమ,
సగం సచ్చి కూడ ఇంకా కొరుకుతాంది.

ఇద్దరం దాన్నే చూసుకుంట కూసున్నం.
ఆమెకు నవ్వొచ్చింది.
నాకు ఏడ్పొచ్చింది, సల్ల బూడిద ఏమీ లేకుండనే.
పిల్ల ఎప్పుడు పండుకున్నదో ఇద్దరం చూడలే.

ఇయ్యాల కాంటా కాడ గుమాస్తా ముక్కు ఎగబీల్చిండు,
"ఏందివయా, మార్కెట్ల బాలింతరాలి వాసనొస్తాంది?"
కుంకుడు, కొబ్బరినూనె, సాంబ్రాణి.
నేనేం చెప్పలే.
బస్తా దించి చెమట తుడుసుకోబోతే
వేలు అలవాటుగ కంటి కొసకు పోయింది.

ఇంకా పన్నెండు కూడ కాలే.
ఫెయిలైన.