మిందిలో బేరం

ముందు తాకి చూశాను.
పొద్దున్న ఆరున్నరకే ఇంజిను వెచ్చగా ఉంది,
జ్వరం తగ్గీ తగ్గని పిల్లాడి నుదురులా.
"రాత్రి వానొచ్చింది కదమ్మా, ఓపాలి తిప్పి ఉంచాను"
అన్నాడు యార్డు ఓనరు కాండ్రేగుల దేముళ్ళు.
చల్లటి ఇంజిను లేస్తే అది బండి మాట.
వేడి చేసి లేపితే అది అమ్మేవాడి మాట.
స్టూలు అడిగి కూర్చున్నాను.
"చల్లారనీ. టీ చెప్పు."

మింది తుక్కు యార్డులో అన్నీ అలా కూర్చునే ఉంటాయి:
తలుపుల్లేని అంబులెన్సు, క్రేను మెడ,
హుద్‌హుద్ వంచేసిన హోర్డింగు,
దాని మీద ఎవరిదో సగం నవ్వు.
వాటి మధ్యన ఇది.
మా నాయన కన్నా వయసులో పెద్దది.
పైన పసుపు, గోటితో గీకితే నారింజ,
ఇంకా గీకితే ఆకుపచ్చ,
అడుగున ఏ దేశపు ఎరుపో.
సీటుండాల్సిన చోట కాళ్ళు కోసేసిన ప్లాస్టిక్ కుర్చీ
నైలాను తాడుతో కట్టి ఉంది.

మొల్లి సన్యాసయ్య అప్పటికే దాని కిందకి దూరిపోయాడు.
పాదాలే కనబడుతున్నాయి, ఒకదానికి చెప్పు లేదు.
"సైను పిన్నులు అరిగిపోనాయి" అంది లోపల్నించి గొంతు.
"స్ప్రాకెట్టు సూడు తల్లీ, పళ్ళు సొరసేప పళ్ళయిపోనాయి."
సొరచేప అన్నది నాకు అర్థం కావాలనే.
రోలర్లలో రెండు నూనె కారుస్తున్నాయి.
బ్లేడు ఎత్తే కడ్డీ నిండా
అమ్మవారు పోసిన మొహంలా గుంటలు.
ఆయిలు మాత్రం నల్లగా ఉంది, పాలకాఫీ రంగు లేదు.
నీళ్ళు కలవలేదు. అదొక్కటే నయం.

"ఎక్కడ పన్జేసింది?"
"అనకాపల్లి క్వారీల్లోనమ్మా. కొండ బండి.
సముద్రం మొహం ఎరగదు."

నాకు డోజర్లు తెలీవు.
ఫిషింగ్ హార్బరులో బోట్లు ఒడ్డుకి లాగి
చిల్లులు పూడ్చే పని మాది.
పోయిన వేట నిషేధంలో వించి వైరు తెగి
మా మరిది యల్లాజీ రెండు వేళ్ళు పట్టుకుపోయింది.
అందుకే ఈ బేరం.
వేగం అక్కర్లేదు నాకు.
లాగాలి.
ఆగమన్న చోట ఆగాలి.

డోజర్లు తెలీవు గానీ తుప్పు తెలుసు.
కొండ తుప్పు పసుపు దంచినట్టు పొడిగా రాలుతుంది.
ఇది మడత కాజాలాగా
పొర మీద పొర విడుతోంది.
బొడ్డు ప్లేటు వెనక, వాన కడగని చోట
వేలు పెట్టి తీసి
నాలిక మీద రాసుకున్నాను.
దేముళ్ళు మొహం తిప్పుకున్నాడు.

ఉప్పు.

ఏ ఇసక తవ్వావే నువ్వు,
ఏ అమావాస్య పోటుకి ఇంజిను దాకా మునిగావే,
నిన్ను ఒడ్డుకి లాగడానికి
ఏం తెచ్చారే వాళ్ళు?

"తూకానికిస్తావా?" అన్నాను.
"అయ్యో, ఇది తుక్కేటమ్మా!"
"నేననలేదు. ఉప్పంటోంది."
సన్యాసయ్య బయటికొచ్చి, చేతులు తుడుచుకుని,
రెండో చెప్పు వెతుక్కుంటూ
ఏమీ మాట్లాడలేదు.
అలా మాట్లాడకుండా ఉండడానికే అతన్ని తెచ్చుకున్నాను.
ఆరున్నర లక్షలు ఐదయ్యాయి.
మూడో టీకి నాలుగుం పావు.

పదిన్నరకి మళ్ళీ తాకి చూశాను. చల్లబడింది.
సన్యాసయ్య దండం పెట్టుకుని మీట లాగాడు.
దగ్గింది. ఆగింది.
దగ్గింది.
మూడోసారి తెల్లపొగ, తర్వాత నల్లపొగ,
ఆ తర్వాత నీలం, అది ఎంతకీ పోలేదు.
స్టూలు మీద గాజు గ్లాసు తనంతట తనే
అంచుదాకా నడిచింది.
అంబులెన్సు కింద కుక్క లేచి వెళ్ళిపోయింది.

"ముందుకి," అన్నాను.
వచ్చింది, తడి నేలని గుచ్చుకుంటూ.
చెయ్యెత్తాను.
ఆగింది.
నేను ఆగమన్న చోట కాదు, కాస్త ఇవతల.

వంగి జానతో కొలిచాను.
రెండు జానలు.
దేముళ్ళు అడ్వాన్సు కోసం చెయ్యి చాపి నిలబడ్డాడు.
నేనింకా నేల మీదే ఉన్నాను,
వేళ్ళు విప్పి,
బోటుకీ మనిషికీ మధ్యన
రెండు జానలంటే ఎంతో చూస్తూ.