వెల్లకిలా పడుకున్న ఫ్రిజ్

సొరంగం పక్క కొండ మీద
నూట పద్నాలుగు మెట్లెక్కితే మా ఇల్లు.
మేడ మీద ఒక ఫ్రిజ్ వెల్లకిలా పడుకుని ఉంటుంది.
తలుపు లేదు. కంప్రెసర్ ఎప్పుడో పీకేశాను.
గవర్నరుపేట లాడ్జీలో
పంతొమ్మిదేళ్ళు కోసిన కూరల్ని వాడిపోకుండా కాచింది.
ఇప్పుడు కడుపునిండా ఎర్రమట్టీ పేడా పోసుకుని
బతికున్న కూరల్ని మోస్తోంది.

నేను ఏసీలు బాగుచేస్తాను.
మే నెలలో నా ఫోనుకి నిద్ర ఉండదు.
"పద్దెనిమిది పెట్టినా చల్లబడట్లేదయ్యా" అంటారు పటమటలో.
గ్యాసు నింపి, ఫిల్టరు కడిగి,
తలుపులేసిన గదిలో ఓ చిన్న లంబసింగి నిలబెట్టి వస్తాను.
ఆ గదిలోంచి తోడేసిన వేడి ఎటు పోతుందో
వాళ్ళు అడగరు, నేను చెప్పను.
సందులోకి పోతుంది. సందులోంచి కొండకి.
కొండరాయి పగలంతా దాన్ని మింగి
రాత్రి పదకొండింటికి
మా వంగమొక్కల మీద కక్కుతుంది.

దేవమణికి ఈ లెక్కలు పట్టవు.
ఇరవై అడుగుల మేడ మీద ఆమెకి వేరువేరు దేశాలున్నాయి.
ట్యాంకు నీడలో కొత్తిమీర, అదీ శివరాత్రి దాకానే.
పొద్దుటెండ చాలనే టమాటా తూర్పు పిట్టగోడకి.
గాలాడే మెట్ల మలుపులో బీరపాదు.
పడమటి రాతివైపు గోంగూర.
దానికెవరూ ఏమీ చెయ్యక్కర్లేదు,
రోళ్ళు పగిలే ఎండలో కూడా
పుల్లగా నవ్వుతూ నిలబడుతుంది.

కుళాయి కొండ కింద.
అందుకే పని చేసిన ఇళ్ళలో
ఏసీ గొట్టం కింద డబ్బా పెట్టమంటాను.
గాలిని పిండిన నీళ్ళు.
ఉప్పు లేదు, మట్టివాసన లేదు,
చెమట పట్టని మనుషుల నీళ్ళు.
మొక్కలకి ఆ పట్టింపు లేదు.

మా కుర్రాడు కిల్లో సుందరరావుది చింతపల్లి వైపు.
సెలవుకెళ్ళి వస్తూ గుప్పెడు రాజ్మా తెచ్చాడు,
ఎర్రమచ్చల గింజలు.
"మా దగ్గర పొద్దున్నే నీళ్ళు పుక్కిలిస్తే
పళ్ళు జివ్వుమంటాయన్నా, అప్పుడు కాస్తాయివి."
నేను వింటేగా?
ఆషాఢంలోనే ఫ్రిజ్‌లో నాటాను.
తీగ సాగింది. తెల్లగా పూసింది.
వారం తిరక్కుండా పూతంతా రాలింది.

నాకు పంతం వచ్చింది.
పాత కిటికీ ఏసీ ఒకటి మేడెక్కించి,
రాజ్మా చుట్టూ ప్లాస్టిక్ పట్టా కట్టి,
రాత్రంతా నడిపాను.
మూతివైపు రాజ్మాకి మన్యం చలి,
వీపువైపు బీరపాదుకి వడగాడ్పు.
తెల్లారేసరికి బీరాకులు అప్పడాలు.
దేవమణి ఒక్క మాట అనలేదు.
వచ్చి ప్లగ్గు పీకేసి,
ఎండిన ఆకులు ఏరి
మళ్ళీ అదే ఫ్రిజ్ మట్టిలో కప్పెట్టింది.

ఆమె గోంగూర విత్తనాలు పొట్లం కట్టి
సుందరరావు వాళ్ళమ్మకి పంపింది.
మార్గశిరంలో ఫోనొచ్చింది.
"బెత్తెడు లేచిందమ్మా. మొన్న రాత్రి మంచుకి నల్లబడిపోయింది.
గింజలతో పాటు మీ ఎండ కూడా
ఓ మూటెడు పంపాల్సింది."
ఇద్దరూ చాలాసేపు నవ్వుకున్నారు,
ఒకరి ముఖం ఒకరు చూడకుండానే.

అప్పటికే కార్తీకంలో,
మిగిలిన నాలుగు గింజలూ దేవమణి నాటి ఉంది,
నాకు చెప్పకుండా.
పుష్యంలో రెండు కాయలు.
ఒలిస్తే ఏడు గింజలు.
తెచ్చినవాటి కంటే చిన్నవి, మచ్చలు కూడా తక్కువ.
కూరకి చాలవు, పారెయ్యడానికి చేతులు రావు.
ఫ్రిజ్ తలుపు అటకమీదే ఉంది.
దించి, దాని గుడ్ల అరలో
ఒక్కో గుంటకి ఒక్కో గింజ పెట్టింది.

ఇవి చింతపల్లివా, బెజవాడవా?
సుందరరావుని అడిగితే
గ్యాసు సిలిండరు భుజానికెత్తుకుంటూ
"ఇంకో నాలుగు పంటలు పోనీ అన్నా,
వాటినే అడుగుదాం" అన్నాడు.

మార్చి ఇంకా రాలేదు.
ఫోను మాత్రం మోగుతోంది.